ముందు బాధ్యత, తర్వాతే బ్యాడ్జి: బడిపిల్లలకు నాయకత్వం నేర్పడం ఎలా?

జూన్ 12న బడి తెరిచాక మొదటి వారంలో దాదాపు ప్రతి తరగతిలోనూ ఒక పని జరుగుతుంది. క్లాస్ టీచర్ లోపలికి వచ్చి, కిందటేడు ఫస్ట్ వచ్చిన పిల్లాణ్ణి లేపి "ఈ ఏడు నువ్వే లీడరు" అంటారు. వాడికి అప్పగించే పని కూడా ఒక్కటే. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి.

నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్‌గా ఉన్నప్పుడు, నా లీడరుకు తోటి పిల్లలు జెల్ పెన్నులు, జీడిపప్పు పలుకులు తెచ్చిస్తున్నారని సంక్రాంతి సెలవుల తర్వాత తెలిసింది. ఇచ్చినవాళ్లు ఎంత గోల చేసినా బోర్డు మీదకు రారు. ఇవ్వనివాళ్లు నోరు తెరవకపోయినా వాళ్ల పేర్లు ఉంటాయి. ఆ పేర్లు చూసి నేను గోడకుర్చీ వేయించేవాణ్ణి. లీడరును పిలిచి అడిగితే ఏడ్చాడు. నిజానికి వాడు చెడ్డ పిల్లాడు కాదు. పదమూడేళ్ల వయసులో చేతికి అధికారం వచ్చింది, ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని మాత్రం లేదు. ఆ స్థితిలో నిలబెట్టింది నేనే. నా చేతుల మీదుగా శిక్ష పడ్డ పిల్లల ముఖాలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి.

ఆ ఏడాది నుంచి పద్ధతి మార్చుకుంటూ వచ్చాను. దెబ్బతిన్నవి తీసేసి, నిలబడ్డవి ఇక్కడ రాస్తున్నాను. ఆరు నుంచి పదో తరగతి వరకు చెప్పే టీచర్లు, హెడ్మాస్టర్లు ఎవరైనా చేయవచ్చు. ఖర్చు పది నోట్‌బుక్కులు. సమయం వారానికి గంట.

నిజాయితీ, ఓర్పు, మాట మీద నిలబడడం లాంటివి అసెంబ్లీలో నీతివాక్యం చదివితే వచ్చేవి కావు. తను చేయకపోతే పక్కవాడు ఆకలితో ఉంటాడనో, దాహంతో ఉంటాడనో పిల్లలకు తెలియాలి. అప్పుడే ఆ గుణాలు పుట్టడం మొదలవుతుంది. కింద చెప్పే ప్రతి పనీ అలాంటి సందర్భాన్ని తెచ్చిపెట్టడానికే.

మొదటి పని: ఇంట్లో ఎవరు పెద్దరికం చేస్తున్నారో కనుక్కోండి

మన దగ్గర చాలా ఇళ్లలో అమ్మానాన్నలు ఊళ్లో ఉండరు. బిల్డింగు పనులకు హైదరాబాద్, చెన్నై, విశాఖ వెళ్తారు. తీరంలోని ఊళ్ల నుంచైతే మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్ల మీద నెలల తరబడి ఉంటారు. పిల్లలు మామ్మ దగ్గర ఉంటారు. తెల్లారి తమ్ముణ్ణి లేపి తయారు చేసేది, కుళాయి వచ్చే వేళకు బిందెలు పెట్టేది, మామ్మకు బీపీ మాత్ర గుర్తు చేసేది, రేషన్ డిపో నుంచి బియ్యం తెచ్చేది ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల. ఇంత సంసారం నెట్టుకొచ్చే పిల్ల బడిలో ఆఖరి బెంచీలో కూర్చుంటుంది. పేరు పిలిస్తే తల దించుకుంటుంది. మనం డల్ అని రాసేస్తాం.

అందుకే లీడర్లను ఎంచే పని జూన్‌లో పెట్టుకోకండి. జూన్ నెలంతా చూడండి. తెలుగు టీచర్ సాయం చేస్తే ఇది సులువు. "నిన్న బడి నుంచి ఇంటికి వెళ్లింది మొదలు పడుకునేదాకా ఏమేం చేశావో రాయి" అని హోంవర్క్ ఇవ్వాలి. తప్పులు దిద్దకూడదు, క్లాసులో పైకి చదివించకూడదు. పైకి చదివిస్తామంటే పిల్లలు "టీవీ చూశాను, చదువుకున్నాను" అని రాసి ఊరుకుంటారు. రాయడం రాని పిల్లలతో భోజనాల దగ్గర మాట కలపండి. "మీ ఇంటి కాడ పొద్దున్నే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు.

మీ నోట్‌బుక్కులో ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించండి. వాళ్లు ఇంట్లో మోస్తున్న పని, వాళ్లు ఎవరి మాట వింటారు, వాళ్ల మాట ఎవరు వింటారు అన్నవి రాసుకోండి. ఈ నోట్‌బుక్కు మీ బీరువాలోనే ఉండాలి. స్టాఫ్ రూములో టేబుల్ మీద వదిలేయకండి. అందులో ఉన్నది ఇళ్లలోని సంగతి.

రెండో పని: జట్లు కట్టండి

ఏడెనిమిది మందికి ఒక జట్టు. చిన్న జట్ల పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇరవై మంది దాకా పిల్లలతో పెట్టిన మొదటి స్కౌట్ క్యాంపులోనే వాళ్లను చిన్న చిన్న జట్లుగా విడదీసి ఒక్కో జట్టుకు ఒక నాయకుణ్ణి పెట్టారు. స్కౌట్స్‌లో ప్యాట్రోల్ అంటే ఇప్పటికీ ఇలాంటి చిన్న జట్టే. పది దాటితే జట్టులో ఇద్దరు ముగ్గురు ఏ పనీ లేకుండా వెనకపడిపోతారు. అయిదుగురే ఉంటే ఇద్దరు రాని రోజు పని ఆగిపోతుంది.

ఒక్కో జట్టులో ఆరు నుంచి పది దాకా అన్ని తరగతుల పిల్లలూ, ఆడా మగా ఉండాలి. జట్లు మీరే వేయండి. పిల్లలకు వదిలేస్తే ఒకే వీధివాళ్లు ఒక జట్టయిపోతారు. మన ఊళ్లలో వీధి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కులం గురించి ఉపన్యాసం ఇవ్వకండి. భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదో నాలుగు రోజులు గమనించి, ఆ ఇద్దరినీ ఒకే జట్టులో వేసి, ఒకే బకెట్ చెరో పక్క పట్టుకుని మోసే పని ఇవ్వండి. మొదటి వారం ఇంటి దగ్గర నుంచి ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. "బడిలో జట్లు మేం వేస్తామండీ" అని మర్యాదగా చెప్పండి, మార్చకండి. ఇక్కడ మీరు తగ్గితే తర్వాత చెప్పబోయేదేదీ నిలబడదు.

పేర్లు మాత్రం పిల్లలనే పెట్టుకోనివ్వండి. మా బడిలో నదుల పేర్లు పెట్టుకున్నారు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా. విజయనగరం వైపు మీకు చంపావతి, గోస్తనీ, సువర్ణముఖి, వేగావతి ఉండనే ఉన్నాయి.

మూడో పని: ఉత్తుత్తి పని వద్దు, నిజమైన పని ఇవ్వండి

నిజమైన పనో కాదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి. ఈ పని ఒక్క రోజు జరగకపోతే ఎవరికైనా ఇబ్బంది కలుగుతుందా? కలుగుతుందంటే అది నిజమైన పని. స్వపరిపాలన దినోత్సవం నాడు పిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని పాఠం చెప్పడం చూడముచ్చటగా ఉంటుంది. నాకూ ఇష్టమే. కానీ ఆ రోజు పాఠం సరిగా చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు. అందుకే సాయంత్రానికి ఫోటోలు మిగులుతాయి, పాఠం మిగలదు.

మా బడిలో నిలిచిన పనులు ఇవి: తాగునీటి కుళాయిల దగ్గర వరుస, ట్యాంకు నిండిందో లేదో చూసి చెప్పడం, మధ్యాహ్న భోజనంలో వడ్డన, గుడ్ల లెక్క, లైబ్రరీ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం, పెరటి తోటలో తోటకూర, బెండ, ఆనప పాదులు, బెల్లు, సైకిళ్ల వరుస. అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మూడు రోజులు వరుసగా రాని పిల్లల ఇంటికి ఆ వీధి పిల్లలిద్దరు వెళ్లి కనుక్కుని రావడం. వరికోతల రోజుల్లో మాకు ఈ జట్టు చేసిన మేలు అంతా ఇంతా కాదు.

ఇవ్వకూడని పనులు కూడా ఉన్నాయి. తోటి పిల్లల మీద చాడీలు రాసే పని ఇవ్వకండి. డబ్బులు వసూలు చేసే పని ఇవ్వకండి. చేతికి బెత్తం ఇవ్వడం అసలే వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మనకే లేని అధికారాన్ని పిల్లల చేతిలో పెట్టకూడదు. అలాగే ఊడ్చేది ఆడపిల్లలు, బెంచీలు మోసేది మగపిల్లలు అనే లెక్క తీసేయండి. వంతు వచ్చినవాళ్లు చీపురు పట్టాల్సిందే.

లీడరు అంటే నిలబడి చేయించేవాడు కాదని పిల్లలకు చెప్పడానికి నేను తప్పెటగుళ్లు గుర్తు చేస్తాను. మన రెండు జిల్లాల్లోనూ ఆ ఆట చూడని పిల్లలు ఉండరు. ముందుండి పాట అందుకునే గురువు గుండెకూ తప్పెట ఉంటుంది, కాళ్లకూ గజ్జెలు ఉంటాయి. వెనకున్నవాళ్లు ఎంత గెంతుతారో ఆయనా అంత గెంతుతాడు. ఆయన చెమట వాళ్లకు కనిపిస్తుంది కాబట్టే అడుగు తప్పదు. ఈ మాట చెబితే ఆరో తరగతి పిల్లలకు కూడా ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

నాలుగో పని: చేయమని చెప్పడం కాదు, చేయడం నేర్పండి

పని అప్పగించి వెళ్లిపోతే పిల్లలు తమకు తెలిసిన ఒకే పద్ధతిలో చేస్తారు. అది ఇంట్లోనూ బడిలోనూ పెద్దవాళ్లు తమ మీద చూపించినదే, అరవడం. మొదటి వారం మీరు చేసి చూపించండి, వాళ్లు చూస్తారు. రెండో వారం కలిసి చేయండి. మూడో వారం పక్కన నిలబడండి, నోరు తెరవకండి. నాలుగో వారం అక్కడి నుంచి తప్పుకోండి. మూడో వారమే టీచర్‌కు కష్టం. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం నాకూ అంత తేలిగ్గా రాలేదు.

మాట తీరు నేర్పడానికి కాస్త ఎక్కువ సమయం పెట్టండి. కుళాయిల జట్టులో ఒక అమ్మాయి ఉండేది. పని మీద ప్రాణం పెట్టేది. కానీ చిన్నపిల్లలు వరుస తప్పితే కాలరు పట్టుకుని లాగేసేది. నేను తిట్టలేదు. శనివారం క్లాసు రూములో రెండు బకెట్లు పెట్టి అదే కుళాయి అనుకున్నాం. నేను తోసుకొచ్చే ఆరో తరగతి పిల్లాణ్ణయ్యాను. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ అమ్మాయి నాలుగైదు సార్లు ప్రయత్నించాక ఈ మాట కుదిరింది: "తమ్ముడూ, నీ ఎనక సిన్నపిల్లలున్నారు. సగం బాటిలు నింపుకుని పక్కకి రా. ఆల్లయిపోయాక మల్లీ పట్టుకుందువు." అందులో మూడు ఉన్నాయి చూడండి. తమ్ముడూ అని వరస కలిపి పిలిచింది. కారణం చెప్పింది. వాడికి దారి కూడా చూపించింది. ఆ మూడూ ఉంటే అరవాల్సిన పని రాదని ఆ అమ్మాయే మిగతా జట్లకు నేర్పింది.

వాళ్ల యాసను దిద్దకండి. అసెంబ్లీలో మైకు ముందు మాట్లాడేటప్పుడు పుస్తకాల తెలుగు కావాలంటే నేర్పుదాం. జట్టును నడిపేటప్పుడు ఇంటి మాటే మనసుకు తగులుతుంది.

అయిదో పని: శనివారం అరగంట కూర్చోండి

పుస్తకాల సంచి లేకుండా వచ్చే నో బ్యాగ్ డే శనివారం దీనికి సరిగ్గా సరిపోతుంది. ప్రతి జట్టూ గుండ్రంగా నేల మీద కూర్చోవాలి. మీరూ నేల మీదే కూర్చోవాలి. మీరు కుర్చీ వేసుకుంటే అది పంచాయతీ తీర్పులా తయారవుతుంది. అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఈ వారం మన పని వల్ల ఎవరికి మేలు జరిగింది? ఎవరికి ఇబ్బంది కలిగింది? వచ్చే వారం ఏం మారుద్దాం? లీడరు ఆఖర్న మాట్లాడాలి. ముందే మాట్లాడితే మిగతావాళ్లు దానికే తలూపుతారు.

ఈ అరగంట ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే గుడ్ల సంగతి చెప్పాలి.

భోజనాల జట్టుకు లీడరు తొమ్మిదో తరగతి అబ్బాయి. రోజూ ఎంతమంది తిన్నారు, ఎన్ని గుడ్లు వచ్చాయి, సరిపోయాయా అని నోట్‌బుక్కులో రాయాలి. ఒక బుధవారం నాడు "హాజరు 86, గుడ్లు 86, సరిపోయాయి" అని రాసి సంతకం పెట్టాడు. సాయంత్రం వంట చేసే అక్క నా దగ్గరకు వచ్చి, ఆరో తరగతి పిల్లలిద్దరు గుడ్డు లేకుండా తినేసి వెళ్లారని చెప్పింది. వెంటనే వాణ్ణి పిలిచి అడగాలని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. శనివారం దాకా వేచి చూశాను.

శనివారం రెండో ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఎవరికైనా ఇబ్బంది కలిగిందా? ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. వాడు చేతిలో బాల్ పెన్ను టిక్కు టిక్కుమని నొక్కుతున్నాడు. చాలాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు.

"సార్, బుధవారం ఇద్దరికి గుడ్డు అందలేదు సార్."

"నోట్‌బుక్కులో సరిపోయాయని ఉంది కదరా?"

"నానే అలా రాసీసినాను సార్. మా తమ్ముడూ ఆడి ఫ్రెండూ రెండేసి తీసీసారు. సెప్తే మీరు ఆడ్ని కొడతారని బయమేసింది."

నేను తీర్పు చెప్పలేదు. ఏం చేద్దామని జట్టును అడిగాను. లీడరుగా తీసేయాలని ఒకడన్నాడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఒప్పుకోలేదు. "తీసీస్తే ఇంకెప్పుడూ ఎవులూ నిజం సెప్పరు సార్. రాసింది కొట్టీసి మల్లీ రాయమనండి. ఆ ఇద్దరితో ఆడే మాట్లాడాలి" అంది. ఆ పిల్ల మాటకు నా దగ్గర బదులు లేదు. వాడు పాత వాక్యం మీద ఒక్క గీత గీసి, కింద "84 మందికి అందాయి. ఇద్దరికి అందలేదు. నాకు తెలిసే తప్పు రాశాను" అని రాసి సంతకం పెట్టాడు. సోమవారం భోజనాల దగ్గర ఆ ఇద్దరు చిన్నపిల్లల మధ్య కూర్చుని తిన్నాడు. తమ్ముడికి వాడే చెప్పుకున్నాడు. ఆ వారం నుంచి గుడ్లు ఎవరికి వారు తీసుకోకుండా చేతికందించే పద్ధతి పెట్టారు. లీడరు అందరికంటే ఆఖర్న తినాలని కూడా ఆ జట్టే రూలు పెట్టుకుంది. నేను చెప్పింది కాదు.

బుధవారం సాయంత్రమే నేను వాణ్ణి నిలదీసి ఉంటే ఏమయ్యేది? ఈసారి దొరక్కుండా రాయడం నేర్చుకునేవాడు.

పని చెడినప్పుడు

చెడుతుంది. బెల్లు కొట్టడం మర్చిపోతారు, పాదులు ఎండిపోతాయి, లైబ్రరీ పుస్తకం పోతుంది. అప్పుడు మనకు రెండు అలవాట్లు ఉన్నాయి. పిల్లల చేతిలోంచి పని లాగేసుకుని మనమే చేసేయడం ఒకటి, వెంటనే లీడరును మార్చేయడం ఇంకొకటి. రెండూ వద్దు. పాదులు ఎండిపోతే ఎండిపోనివ్వండి, కూరలోకి ఆనపకాయ లేని రోజు జట్టు అంతా చూడాలి. ప్రాణానికి ముప్పు ఉన్నచోట మాత్రం ఒక్క క్షణం ఆగకండి. కరెంటు, వేడి సాంబారు గిన్నెలు, పాముల భయమున్న తుప్పలు, రోడ్డు దాటడం, ఇవి పిల్లల బాధ్యత కానే కాదు. సాంబారు గిన్నె పెద్దవాళ్లే దించాలి.

నోట్‌బుక్కులో తప్పు ఒప్పుకున్న పిల్లలకు శిక్ష వేయనని ముందే మాట ఇవ్వండి. ఆ మాట ఒక్కసారి తప్పితే అన్ని నోట్‌బుక్కుల్లోనూ ఏడాదంతా "సరిపోయాయి" అనే ఉంటుంది.

ఆరో పని: లీడర్లను మార్చండి, ఎన్నిక పెట్టండి

జట్టు లీడరు పదవి ఆరు వారాలు. ఆ తర్వాత వంతు. జూన్‌లో మీరు రాసుకున్న నోట్‌బుక్కు ఇక్కడ పనికొస్తుంది. ఇంట్లో పెద్దరికం చేస్తూ బడిలో మాట్లాడని పిల్లలకు రెండో వంతులోనే అవకాశం ఇవ్వండి. మొదటి వంతులో ఇస్తే బెదిరిపోతారు, చివరి దాకా ఆపితే ఆశ వదులుకుంటారు. ఇంట్లో మరీ బరువు మోస్తున్న పిల్లలకు మాత్రం తేలిక పని చూడండి. తమ్ముణ్ణి తయారు చేసి పరుగున వచ్చే పిల్లకు పొద్దున్నే బెల్లు కొట్టే పని ఇవ్వడం అన్యాయం.

బడి మొత్తానికి లీడరు ఎన్నిక దసరా సెలవుల తర్వాత పెట్టుకోండి. విజయనగరం వైపైతే పైడితల్లమ్మ సిరిమానోత్సవం కూడా అయిపోయి పిల్లలు కుదురుగా ఉంటారు. అప్పటికి ఎవరు ఎలా పని చేశారో అందరూ చూసి ఉంటారు కాబట్టి ఓటుకు ఒక అర్థం ఉంటుంది. రహస్య ఓటు, స్లిప్పులు, అట్టపెట్టె, వేలికి ఇంకు.  పోటీలో ఉన్నవాళ్లెవరూ వద్దు అని చెప్పే నోటా మన దేశంలో 2013లో వచ్చింది. మీ స్లిప్పు మీద కూడా నోటా గడి పెట్టండి. పోటీ చేసేవాళ్లు రెండు నిమిషాలు మాట్లాడాలి. ఏం చేస్తారో చెప్పకూడదు, జట్టులో ఇప్పటిదాకా ఏం చేశారో, ఎక్కడ తప్పు చేశారో చెప్పాలి. చాక్లెట్లు పంచితే పోటీ రద్దు. లెక్కింపు అందరి ముందూ జరగాలి. ఓడిపోయినవాళ్లకు వారంలోపు ఒక పని అప్పగించండి, ఊరికే వదిలేయకండి. ఓడిపోయి తలెత్తుకుని పని చేయడం గెలిచినవాడు నేర్చుకునేదానికంటే పెద్ద చదువు.

ఏడో పని: గేటు బయటకు తీసుకెళ్లండి

బడి పనులు గాడిన పడ్డాక ఊరి పని ఒకటి ఎత్తుకోండి, ఏడాదికి ఒక్కటే. మన తీరానికి అక్టోబర్ అంటే భయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మంటే పిల్లలు కళ్లకు కట్టినట్టు రాసుకొస్తారు. ఆ రాతల నుంచే పని మొదలవుతుంది.

సెప్టెంబర్‌లో ఒక్కో జట్టు తమకు అప్పగించిన వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, నడవలేనివాళ్లు, పసిపిల్లలున్న ఇళ్లు ఏవో జాబితా రాయాలి. ఇంటివాళ్లను అడిగే రాయాలి. తుఫాను షెల్టరుకు దారి, ఆధార్, పాస్‌బుక్కు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవడం ఇంటింటికీ చెప్పాలి. జాబితా ఒకటి హెడ్మాస్టరు దగ్గర, ఒకటి గ్రామ సచివాలయంలో ఇవ్వాలి. పగటిపూటే తిరగాలి, ప్రతి జట్టుతోనూ ఒక పెద్ద మనిషి ఉండాలి, హెచ్చరిక వచ్చాక ఒక్క పిల్ల కూడా ఇల్లు కదలకూడదు. జాబితా తుఫానుకు ముందు రాసేది, తుఫానులో పరుగెత్తడానికి కాదు. ఈ మాట వాళ్ల చేత నోట్‌బుక్కులో రాయించండి.

మా జాబితాలో ఒక మామ్మ పేరు ఎదురుగా ఒక పిల్లాడు "చెవులు వినపడవు, కిటికీ దగ్గరికి వెళ్లి చెయ్యి ఊపాలి" అని రాశాడు. సచివాలయంలో ఆ కాగితం తీసుకున్న ఉద్యోగి ఆ వాక్యం రెండుసార్లు చదివి, పెన్నుతో కింద గీత గీసుకున్నారు. ఆ పిల్లాడు అది చూశాడు. ఆ తర్వాత వాడు బడి ఎగ్గొట్టలేదు.

అసెంబ్లీలో చెప్పే కథలకు కూడా దూరం వెళ్లనక్కర్లేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. బారువకు చెందిన గౌతు లచ్చన్న ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, తర్వాత జీవితమంతా రైతుల వెంట నడిచారు. కథ చెప్పి వదిలేయకండి. "ఆ 240 కిలోలకు ముందు ఎన్ని పొద్దులు లేచి ఉంటారు? మనం ఆరు వారాల్లో ఎన్ని పొద్దులు లేచాం?" అని జట్టును అడగండి.

అమ్మానాన్నలు, పదో తరగతి

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున మార్కులు చెప్పే ముందు ఒక్కో లీడరుకు రెండు నిమిషాలు ఇవ్వండి. తమ నోట్‌బుక్కు చదువుతారు, తప్పులతో సహా. వలస వెళ్లినవాళ్లకు ఆ రెండు నిమిషాల వీడియో తీసి ఫోన్లో పంపండి. పనికి మార్కులు మాత్రం వేయకండి. మార్కులు వేస్తే పని పోయి మార్కులే మిగులుతాయి. పదో తరగతి పిల్లలను డిసెంబర్ నుంచి జట్టు పనుల నుంచి విడుదల చేయండి. వాళ్లకు పరీక్షల టెన్షన్ చాలు.

ఆఖరి పని: అప్పగింతలు

ఏప్రిల్‌లో బడి మూసే వారంలో ప్రతి జట్టు లీడరూ వచ్చే ఏడాది లీడరును పక్కన కూర్చోబెట్టుకుని పని మొత్తం చూపించాలి. ట్యాంకు వాల్వు ఎటు తిప్పాలి, లైబ్రరీ బీరువా తాళం ఎక్కడ పట్టేస్తుంది, ఏ పాదుకు నీళ్లు ఎక్కువ కావాలి. ఇవి ఏ సర్క్యులర్‌లోనూ ఉండవు. నోట్‌బుక్కు ఆఖరి పేజీలో "నేను నేర్చుకున్నవి, నీకు చెప్పాల్సినవి" అని పాత లీడరు రాసి సంతకం పెడతాడు, కొత్త లీడరు "తీసుకున్నాను" అని సంతకం పెడతాడు. ఈ నోట్‌బుక్కులు బడిలోనే ఉండాలి, ఇంటికి తీసుకెళ్లకండి. మన ఉద్యోగాల్లో బదిలీలు మామూలే. నాకూ వచ్చింది. వెళ్లేముందు చూస్తే భోజనాల జట్టు నోట్‌బుక్కు ఆఖరి పేజీలో ఆ గుడ్ల అబ్బాయి తన తర్వాతి లీడరుకు ఇలా రాసి ఉంది: "గుడ్లు వడ్డించే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి లెక్కపెట్టు. తక్కువ వస్తే తక్కువ అనే రాయి. సార్ ఏమీ అనరు. ఆరో తరగతోళ్లకి ముందు పెట్టు."